డార్విన్ మొక్కజొన్న జతలు: సహసంబంధం రుణాత్మకం ఎందుకయింది?

జత కట్టి పోల్చితే తేడా మరింత స్పష్టంగా తేలుతుందా అని రెండు పాత దత్తాంశాలను లెక్కించి చూశాను. టి-పరీక్షను రూపొందించిన గాసెట్ 1908 నాటి వ్యాసంలో వాడిన పదిమంది రోగుల నిద్ర దత్తాంశం సజావుగానే తేలింది: జతలుగా చూస్తే పి-విలువ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.0028, విడి నమూనాలుగా చూస్తే 0.079. చిక్కంతా డార్విన్ మొక్కజొన్నతోనే వచ్చింది.

1876లో డార్విన్ ప్రచురించిన 15 జతల్లో ఒక్కోదానిలో పరపరాగ సంపర్కంతో పుట్టిన మొక్క ఒకటి, స్వపరాగ సంపర్కంతో పుట్టినది ఒకటి ఉంటాయి. రెండూ ఒకే కుండీలో ఎదురెదురుగా పెరిగినవే. ఎత్తుల సగటు భేదం 2.62 అంగుళాలు. జతల పరీక్షలో టి విలువ (సగటు భేదాన్ని దాని ప్రామాణిక దోషంతో, అంటే అనిశ్చితి కొలతతో, భాగిస్తే వచ్చేది) 2.148 వచ్చింది, 5 శాతం హద్దు 2.145 కాబట్టి శూన్య పరికల్పన (అసలు తేడా లేదన్న ఊహ) వెంట్రుకవాసిలో వీగిపోయింది. అవే అంకెలను జతలు విడదీసి లెక్కిస్తే టి 2.437కు పెరుగుతుంది. జత కట్టడం వల్ల తగ్గవలసిన ప్రామాణిక దోషం 1.07 నుంచి 1.22 అంగుళాలకు పెరగడమే ఇందుకు కారణం, దాని వెనుక ఉన్నది −0.33 సహసంబంధం, అంటే జతలో ఒకటి ఎత్తయితే రెండోది పొట్టిగా ఉండే ధోరణి. ఈ అంకెను ఎక్సెల్‌లో గణాంకాల కోసం ఉన్న టూల్‌ప్యాక్ పట్టిక అడగకుండానే చూపుతుంది. మిగతా అన్నింటికీ నేను ఇష్టపడే ఆర్ అనే గణాంక భాషలోని టి-పరీక్ష చూపదు, అది నాకు పెద్ద లోపంగానే కనిపిస్తుంది.

మొదటి అనుమానం రెండో, పదిహేనో జతల మీదికి పోయింది. ఆ రెండింటిలోనూ పరపరాగ మొక్క 12 అంగుళాల వద్దే ఆగిపోగా, దాని జోడు మొక్కలు 20.375, 18 అంగుళాలు పెరిగాయి. వాటిని పక్కన పెడితే సహసంబంధం −0.11కు వస్తుంది, అయితే నచ్చని వరుసలను తీసేసి చేసేదాన్ని పరీక్ష అనలేము. ఒకే కుండీలో ఎత్తుగా ఎదిగినది రెండోదాని వెలుతురును కాజేసిందన్నది నా రెండో ఊహ. అది నిజమైతే అన్ని కుండీల్లోనూ రుణాత్మకమే రావాలి కదా, కానీ ఐదు జతలున్న మూడో కుండీలో +0.31 వచ్చింది. ఐదు జతలతో ఏదీ తేల్చలేమన్నది నిజమే గాని, ఆ అంకె నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నిజంగా తేడా లేకపోతే ప్రతి భేదానికీ ప్లస్ అయినా మైనస్ అయినా సమానంగా రావచ్చు గనుక, గణాంకవేత్త ఫిషర్ 1935లో చేసినట్టు భేదాల గుర్తులను 32,768 రకాలుగా మార్చి చూస్తే, ఇరువైపులా కలిపి 1,726 సార్లు అసలు మొత్తానికి సమానమో అంతకు మించినదో వస్తుంది, అంటే 5.27 శాతం. భేదాలను పరిమాణం ప్రకారం వరుసలో పెట్టి చూసే విల్కాక్సన్ పరీక్ష పి-విలువ 0.041 అంటుంది. ప్లస్‌లు, మైనస్‌లు ఎన్నో మాత్రమే లెక్కించే గుర్తుల పరీక్ష ఏకంగా 0.007 అంటుంది, కానీ ఎనిమిది అంగుళాలకు పైబడిన లోటును కూడా అది ఒక్క మైనస్‌గానే లెక్కపెడుతుంది గనుక దాని ధీమాను నేను నమ్మను. ఈ దత్తాంశానికి ఫిషర్ పద్ధతే తగినదని నా అభిప్రాయం.

ముందుగా గుర్తుల మార్పిడిని కుండీలవారీగా విడదీసి చూడాలి. తరువాత వెలుతురు ఊహను మేడ మీదే పరీక్షిస్తాను: సగం జతలను ఒకే కుండీలోను, మిగతా సగాన్ని పక్కపక్క కుండీల్లోను నాటి, రెండు గుంపుల సహసంబంధాలను పోల్చాలి. ఒక్కో గుంపుకు 15 జతలు చాలవు. కనీసం 40 కావాలి, అన్ని కుండీలకు చోటెక్కడన్నదే ఇప్పుడు చూసుకోవాలి.