పానగల్ మీద మూడో ఆదివారం: బొల్లికోళ్ల లెక్క మళ్లీ తప్పింది

పొద్దున్నుంచి ఒకటే చిరాకు. నల్లగొండ దగ్గరి పానగల్ చెరువు ఉదయసముద్రం మీద, ఆసియా నీటిపక్షుల గణన కోసం మా పక్షుల బృందం చేస్తున్న లెక్క మూడోసారి కూడా కుదరలేదు. ఈసారి తప్పకుండా కుదురుతుందని నమ్మకంతో వెళ్లాను, అందుకే బాధ ఎక్కువగా ఉంది.

మొదటి ఆదివారం రెండు జట్లుగా విడిపోయాం. ఒక జట్టు కట్ట మొదట్లో, ఇంకోటి తూము దగ్గర. అదే గుంపు, అదే అరగంట. వాళ్లకు 412 వస్తే మాకు 655. రెండో ఆదివారం అందరం పక్కపక్కనే నిలబడి పదేసి, యాభయ్యేసి గుత్తులుగా లెక్కపెట్టాం. ఒకరికి 580, ఒకరికి 540. భలే సంబరపడ్డాం. ఇంటికొచ్చి జాతులవారీగా విడదీస్తే ఒక నోటుబుక్కులో బొల్లికోళ్లు (నల్లటి ఒళ్లు, తెల్ల నుదురు ఉండే నీటిపక్షులు, ఇంగ్లిషులో కూట్) 310, రెండోదాంట్లో 190. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం మాత్రం దగ్గరపడింది. అలాంటి అంకెను పక్షుల లెక్కలు దాచే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించడానికి నాకు చెయ్యి రాలేదు.

దాంతో నిన్న ఫొటోల మీద పడ్డాను. నికాన్ పి900 కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఎడమ నుంచి కుడికి తిప్పుతూ 14 ఫొటోలు తీశాను. గుంపు దాదాపు 350 మీటర్ల దూరంలో ఉంది. ఒక్కో ఫొటోలో ముప్పై మీటర్ల నీళ్లు పడుతున్నాయని నా అంచనా. పక్క ఫొటోతో మూడోవంతు కలిసేలా తీసి, లెక్కలో ఆ మూడోవంతు వదిలేశాను. స్టూడియోలో ఏ4 కాగితాల మీద ప్రింట్ వేయించి, ఒక్కో పిట్ట మీద ఎర్రపెన్నుతో చుక్క పెట్టుకుంటూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నా. 871! కట్ట మీద కంటితో చూసినప్పుడు ఆరొందలు దాటవనిపించిన గుంపు అది.

ఈ రోజు మళ్లీ కాగితాలు వరసగా నేల మీద పరిచి చూస్తే దొంగ దొరికాడు. గుంపు మొత్తంలో సూదితోక మగబాతు ఒకే ఒక్కటి ఉంది. తెల్లటి మెడ, గోధుమరంగు తల, ఎక్కడున్నా పట్టేయొచ్చు. ఐదో ఫొటోలో కుడి అంచున ఉంది. ఆరో దాంట్లో తల నీళ్లలో ముంచి తోక మాత్రం పైకి పెట్టింది. ఏడులో మళ్లీ తల ఎత్తింది. ఎనిమిదిలోనూ ఉంది! ఒక్క బాతు నాలుగు ఫొటోల్లో ఉందంటే, దాని చుట్టూ ఉన్న బొల్లికోళ్లు కూడా ఎన్నిసార్లు పడ్డాయో.

కారణం టైమ్. మొదటి ఫొటో 7:10కి, చివరిది 7:21కి. బొల్లికోళ్లు మునుగుతుంటాయి కదా, అన్నీ పైకి తేలాక తీద్దామని ఒక్కో ఫొటోకి ముప్పావు నిమిషం పైనే ఆగాను. ఆలోపు గాలి గుంపును కుడివైపుకే నెట్టుకుపోయింది, నేను కెమెరా తిప్పిందీ కుడికే. అంటే వాటి వెంట నేనే నడుస్తూ లెక్కపెట్టినట్టయింది. అలాగని ఎదురు దిశలో తిప్పితే కొన్ని అసలు పడకుండా జారిపోతాయి. కాబట్టి ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి, ఒక్కోటీ రెండు నిమిషాల్లో అయిపోవాలి. అసలు అంకె ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇంకో అనుమానం వల తీసే పెద్దాయన పుట్టించాడు. "మీరొచ్చేసరికే అవి ఓసారి లేసి కూసుంటయి సార్. మేం చీకట్లనే పుట్టిల పోతం గద, ఆ చప్పుడుకు అవతలి గడ్డిలకు పోతయి" అన్నాడు. అదే నిజమైతే మూడు వారాలుగా మేం సగం గుంపునే చూస్తున్నాం. పైగా ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లు వచ్చి చెరువు మట్టం పెరిగితే ఒడ్డున బురద మునిగిపోతుంది, ఆ బురదలో మేసే ఉల్లంకి పిట్టలు ఆ పూటే మాయం. ఇకనుంచి ప్రతి లెక్క పక్కన నీటిమట్టం కూడా రాస్తాను.

పనిముట్ల సంగతి. బాతులకు 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్ చాలు. జూమ్ బైనాక్యులర్లు మాత్రం ఎవరూ కొనొద్దు, మాలో ఇద్దరు కొని మూలన పెట్టారు. స్పాటింగ్ స్కోప్‌ని (ట్రైపాడ్ మీద పెట్టే దూరదర్శిని) 60 రెట్లకి తిప్పితే పొద్దున ఎనిమిదిన్నర తర్వాత నీటి మీద సెగకు వణికే గాలి తప్ప ఏమీ కనపడదు, 20 దగ్గరే ఉంచండి. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పొదల్లో కూసే పిట్టలకు ప్రాణం, నోరెత్తని బాతుల దగ్గర ఏం చేస్తుంది?

మిగతావి బాగానే జరిగాయి. సంక్రాంతి మాంజా రెండు సంచులు చెట్ల మీంచి దించాం. కొత్తగా నలుగురు చేరారు, అందులో ఇద్దరు ఇంటర్ పిల్లలు. మూడు ఆదివారాలు కట్ట మీదికి వచ్చినవాళ్లకే సభ్యత్వం అన్న మా పద్ధతి నాకు ఇప్పటికీ సరైందే అనిపిస్తుంది. చందా కట్టి కనపడకుండా పోయేవాళ్ల కంటే వీళ్లు నయం. కంటి అంచనా ఎంత సరిగ్గా ఉందో చూద్దామని ఆ పిల్లలకు స్టీలు పళ్లెంలో 200 శనగలు పోసి రెండు సెకన్లు చూపించి ఎన్నని అడిగితే 120 అన్నారు. నేను 150 అన్నాను. రోజూ రాత్రి ఇంట్లో ఇదే సాధన చేస్తున్నాం.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలోనే జరుగుతోంది, మాకు ఈ నెలలో ఇంకొక్క ఆదివారమే ఉంది. ఛాయా సోమేశ్వరాలయం దగ్గర ఐదున్నరకే కలుద్దాం, పుట్టి కంటే ముందు కట్ట మీద ఉండాలి. ఒకరు బొల్లికోళ్లు మాత్రమే, ఒకరు బాతులు మాత్రమే. ఫిబ్రవరిలో మూసీ ప్రాజెక్టు మీద కూడా ఇదే పద్ధతి చూడాలని ఉంది. చేతిలో నొక్కే కౌంటర్ ఒకటే ఉంది, రెండోది ఎవరి దగ్గరైనా ఉంటే ఆదివారం పట్టుకురండి.