ఒక్క బుష్షు కోసం ఇంజిన్ రెండుసార్లు దించాం

కాలవకి నీళ్లు వదిలేశారు, ఎల్లుండి దమ్ము. ట్రాక్టర్ నిన్న సాయంత్రమే లైన్లోకొచ్చింది. గోళ్లలో నలుపూ పోలేదు, లేత్ షాపాయన మీద కోపమూ పోలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది నాన్న కొన్న ఫోర్డ్ 3600 ట్రాక్టర్, మూడు సిలిండర్ల ఇంజిన్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బానే చూపించేది. గంటసేపు దున్ని స్లోలో పెడితే ప్రెషర్ మీటర్ ముల్లు పడుకునేది. నిరుడు ఒక మెకానిక్ క్రాంక్ (ఇంజిన్ మెయిన్ ఇరుసు) గ్రైండింగ్ చేయించాడు, దాని మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు కొత్తవి వేశాడు, ఆయిల్ పంపు కూడా మార్చాడు. అయినా ముల్లు లేవలేదు. కామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) తిరిగే రింగులు, అదే కామ్ బుష్షుల సంగతేంటని అడిగితే "అవి అరగవండీ, వాటి జోలికి పోకండి" అన్నాడు. అరగనివాటిని కొట్లో విడిగా ఎందుకు అమ్ముతున్నారో మరి! కామ్ నాలుగు బుష్షుల్లో తిరుగుతుంది. అవి వదులైతే పంపు ఎంత తోసినా ఆయిల్ ఆ సందుల్లోంచే కారిపోతుంది.

ఈసారి నేనే పట్టుబట్టి కామ్ తీయించాను. జర్నల్స్, అంటే బుష్షుల్లో తిరిగే కామ్ భాగాలు, బాగానే ఉన్నాయి. సందు మాత్రం ఒకటి నుంచి మూడు థౌలోపు (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ఉండాల్సింది, మధ్య రెండు బుష్షుల్లో ఏడు థౌ వచ్చింది. అరగవట!

ఇంజిన్ దించడం ఒక పూట పని. కామ్ లాగేముందు ఇంజిన్ని తలకిందులు చేయండి, లేకపోతే టాపెట్లు (కామ్ మీద కూర్చుని వాల్వుల్ని కదిపే ముక్కలు) జారి అడ్డం పడతాయి. బుష్షులు విజయవాడ ఆటోనగర్లో దొరికాయి. పాతది చేతిలో పట్టుకెళ్లండి, నోటితో చెబితే ఏదో ఒకటి అంటగడతారు. కామ్ వెనకవైపు ప్లగ్గు కూడా కొత్తది తెచ్చుకోండి.

ఎక్కించే పని మా టౌన్లో ఒక లేత్ షాపుకిచ్చాను. 800 రూపాయలు. మర్నాడు ఆయన కామ్ పెట్టి రెండు వేళ్లతో తిప్పి చూపించాడు. గిర్రున తిరిగింది. నేను మురిసిపోయి, బీటెక్ మెకానికల్ చదివానని ఆయనకి చెప్పి మరీ వచ్చాను. ఎందుకు చెప్పానో!

అంతా బిగించి, కొబ్బరికాయ కొట్టి స్టార్ట్ చేశాం. ముల్లు నిలబడింది. బాబాయికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను. రెండు నిమిషాలకే పైనుంచి టకటకా చప్పుడు. వెంటనే ఆపేసి టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) తీస్తే రాకర్లు, అంటే వాల్వుల్ని నొక్కే చేతులు, ఎండిపోయి ఉన్నాయి, ఒక్క చుక్క లేదు.

ఈ ఇంజిన్లో రాకర్లకి ఆయిల్ వెళ్లేది ముందు కామ్ బుష్షు దగ్గర్నుంచే. జర్నల్లో ఉన్న రంధ్రం తిరుగుతూ తిరుగుతూ బ్లాకు రంధ్రానికి ఎదురొచ్చినప్పుడల్లా కాస్త ఆయిల్ పైకి పోతుంది. హెడ్డు విప్పి, పై రంధ్రంలో గాలి కొడుతూ క్రాంక్ తిప్పాం. ఎక్కడా గాలి దూరలేదు. సన్న వైరు దింపితే ఠక్కున ఆగింది. బుష్షు వీపుకి తగిలింది. ఆయన రంధ్రాలు కలపకుండానే నొక్కేశాడు.

కొత్త హెడ్ గాస్కెట్ దండగ. ఇంజిన్ మళ్లీ దించి, బ్లాకు ఆటోలో వేసుకుని షాపుకెళ్లాను. నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే, "తీసుకెళ్లేటప్పుడు చూసుకోవాలి కదండీ. బీటెక్ అన్నారుగా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నిజమే, నేను చూసుకోలేదు. వైరు ముక్క దూర్చి చూస్తే నిమిషంలో తెలిసేది. కానీ డబ్బులు తీసుకుంది నువ్వా, నేనా? ఆ మాట అక్కడ నోట్లోంచి రాలేదు, ఇంటికి వచ్చాక వంద రకాలుగా వచ్చింది. మళ్లీ ఎక్కించడానికి ఇంకో 800 అడిగాడు, పైగా బుష్షు నేనే తెచ్చుకోవాలట. బ్లాకు తిరిగి ఆటోలో పెట్టించాను.

ఇక నేనే చేశాను. పక్క ఊళ్లో బుష్షు లోపలికి సరిపోయే మెట్టున్న ఇనుప ముక్క తిప్పించాను. పొడుగు మరబోల్టు, మందం వాషర్లు, నట్టు. సుత్తి అసలు ముట్టుకోలేదు. రంధ్రం ఎక్కడుందో బుష్షు అంచున మార్కర్‌తో గీత, దానికి సూటిగా బ్లాకు మీద ఇంకో గీత. రెండు గీతలూ ఎదురెదురుగా పెట్టి నట్టు బిగిస్తూ మెల్లగా లాగాను. వైరు దూరింది. మిగతా మూడింట్లోనూ దూర్చి చూశాను, అవి బానే ఉన్నాయి. నేను కొన్నవి సైజుకే వచ్చాయి, రీమర్‌తో లోపల గీకే పని పడలేదు. ఆ లేత్ షాపు కంటే నా పనే శుభ్రంగా వచ్చిందని ఎవరి ముందైనా చెబుతాను, బీటెక్ సంగతి మాత్రం ఎత్తను.

నిన్న టాపెట్ కవర్ పెట్టకుండానే స్టార్ట్ చేశాం. కాసేపు ఏమీ లేదు. నాకు టెన్షన్. తర్వాత ముందు రాకర్ దగ్గర తడి మెరిసింది, ఆపైన చిన్నగా ఉబికి నా చొక్కా మీద చిందింది. బాబాయి వంగి చూసి, "ఇక మూత పెట్టరా, ఉన్న ఆయిలంతా నువ్వే తాగేలా ఉన్నావు" అన్నాడు.