పట్టాయాలో మన భోజనం

థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో ఇండియన్ హోటళ్లకు కొదవ లేదు. వాకింగ్ స్ట్రీట్ చుట్టుపక్కల వరసగా కనిపిస్తాయి. మంచి తిండి సరసమైన ధరకి దొరకడమే కష్టం. బీచ్ రోడ్డులో గుమ్మం ముందు నిలబడి హిందీలో పిలిచే చోట్లకి నేను వెళ్లను. సముద్రం కనిపించే టేబుల్‌కి అద్దె కూడా మన బిల్లులోనే పడుతుంది. సెకండ్ రోడ్డు దాటి సందుల్లోకి నడవండి. అక్కడ పనిచేసే మనవాళ్లు ఎక్కడ తింటున్నారో చూసి లోపలికి వెళ్లండి. టూర్ బస్సులు ఆగే బఫేల కంటే అప్పటికప్పుడు కాల్చిన రొట్టె, ఒక పప్పు నయం. పప్పు బాగుంటేనే నేను మిగతావి ఆర్డర్ చెప్తాను.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే ఆగండి. 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద 7 శాతం వ్యాట్ అని అర్థం. 300 బాత్‌ల బిర్యానీ 353 అవుతుంది. కుటుంబంతో వెళ్తే ఇది చిన్న తేడా కాదు.

మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. థాయ్ కూరల్లో ఫిష్ సాస్ ఉంటుందని ఆవిడకి ఒకటే టెన్షన్. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలతో ‘జే’ అని రాసిన కొట్లు వెతికాం. వాటిలో మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ఆవిడ తృప్తిగా రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఇండియన్ హోటల్ బిల్లు కంటే అక్కడి బిల్లు చాలా తక్కువ.