సెలవుల నాన్న, బడిరోజుల అమ్మ

'అలమార్' అనే మెక్సికన్ సినిమా మీద చాలా ఆశ పెట్టుకున్నాను. మేముండే డల్లాస్‌లో స్పానిష్ వినిపించని రోజుండదు. మావాడు హైస్కూల్లో అదే భాష తీసుకున్నాడు. పైగా కథేమో రెండు దేశాల మధ్య పెరిగే పిల్లాడిది. మన గొడవ ఎవరో మనకన్నా బాగా చెప్పి ఉంటారని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాను.

2009 నాటి సినిమా, నిడివి 73 నిమిషాలు. పేద్రో గొన్సాలెస్ రూబియో తీశాడు, కెమెరా, ఎడిటింగ్ కూడా ఆయనే. 2010లో రోటర్‌డ్యామ్ చిత్రోత్సవంలో టైగర్ అవార్డు వచ్చింది. పొగిడినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం చివరికొచ్చేసరికి కోపమొచ్చింది.

తండ్రి హోర్హే మాయా మూలాలున్న మెక్సికన్. తల్లి రొబెర్తా ఇటలీ మనిషి. ప్రేమించుకున్నారు, కొడుకు నతాన్ పుట్టాడు, విడిపోయారు. పిల్లాడు తల్లితో రోమ్‌లో ఉండాలి. ఆ లోగా తండ్రి వాణ్ణి సముద్రం మీదికి తీసుకెళ్తాడు. మెక్సికోలోని కింతానా రూ రాష్ట్రం తీరానికి దూరంగా, కరీబియన్ సముద్రంలో బాంకో చించోరో అనే పగడపు దిబ్బల ప్రాంతం ఉంది. అక్కడ నీళ్లలో కర్రలు పాతి కట్టిన గుడిసెలో ఇద్దరూ ఉంటారు, తోడుగా మత్రాకా అనే ముసలి జాలరి. ఈ తల్లీ తండ్రీ కొడుకూ నిజ జీవితంలోనూ తల్లీ తండ్రీ కొడుకులే. అందుకే డ్రామా అనాలో డాక్యుమెంటరీ అనాలో తెలియదు.

బాగున్నవి బాగున్నాయి. ఊపిరి బిగబట్టి మునిగి లాబ్‌స్టర్లు పట్టడం, బారకూడా చేపను గీకి కోసి వండుకోవడం, పిల్లాడికి మునక నేర్పేటప్పుడు తండ్రి చేతుల్లో కనిపించే ఓపిక. ఒక తెల్ల కొంగ గుడిసెలోకి వస్తుంది, నతాన్ దానికి బ్లాంకీతా అని పేరు పెట్టి పురుగులు తినిపిస్తాడు. ఇంటి పక్కన నీళ్లలో మొసలి. మా అమ్మాయి కొంగ కోసం, మా ఆయన చేప కోసం కళ్లార్పకుండా చూశారు. ఆయనది గోదావరి లంక ఊరు, పడవ కనబడితే చాలు.

మరి తల్లి? మొదట్లో పాత వీడియోల్లో కాసేపు, చివర్లో రోమ్‌లో కాసేపు. మధ్యలో ఉన్న సినిమా అంతా తండ్రిదే. సముద్రం ఆయనకు, సూర్యాస్తమయం ఆయనకు. వాణ్ణి స్కూల్లో చేర్చేది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది, 'నాన్న ఎప్పుడొస్తాడు' అంటే జవాబు వెతుక్కునేది ఆవిడ. ఆ భాగం కెమెరాకు పనికిరాలేదు. పెళ్లి ఆల్బం చూపించి కాపురం ఎలా ఉందో గ్రహించమన్నట్టుంది.

ఇది నాకెందుకు తగిలిందంటే మా ఇంట్లోనూ ఇదే పంపకం. వేసవిలో పిల్లల్ని ఊరికి తీసుకెళ్లేది మా ఆయన. గట్టు మీద నడక, కొబ్బరి బొండాలు, వరదనీరు ఎర్రబడితే పులస కోసం బేరాలు. నానమ్మ కథలు. పిల్లలకు ఇండియా అంటే నాన్న. దోమలు కుట్టాయనీ వైఫై లేదనీ పేచీలు కూడా ఉంటాయి, కానీ ఫొటోల్లో పడవు కదా. ఆగస్టులో బడి తెరిచాక మిగిలిన తెలుగంతా నా వంతు. శనివారం పొద్దున్నే క్లాసుకు లేపడం, గుణింతాలు దిద్దించడం, 'మిగతా పిల్లలెవరికీ ఈ గోల లేదు' అని వినడం. తెలుగు అంటే అమ్మ పెట్టే హోంవర్క్.

సినిమా అయ్యాక మావాడు అడిగాడు: "వాడు తర్వాతి వేసవికి మళ్లీ వెళ్లాడా?" సినిమా ఆ ఊసెత్తదు. అసలు డ్రామా అక్కడే మొదలయ్యేది కదా! రోమ్‌కూ అక్కడికీ అప్పట్లో 7 గంటల తేడా. తండ్రి స్పానిష్‌లో అడిగితే ఏడాది తిరిగాక ఆ పిల్లాడు ఏ భాషలో జవాబిస్తాడు? పిల్లల నానమ్మగారి ఫోన్‌కు మావాడు ఇంగ్లీషులో జవాబిస్తుంటే ఆవిడ అర్థమైనట్టు 'ఊఁ' కొడుతుంది. ఇండియాకు మాకు వేసవిలో పదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదకొండున్నర, ఎప్పుడు చేసినా ఎవరో ఒకరు నిద్రమత్తులో ఉంటారు. రోమ్‌లో రొబెర్తా కూడా ఫోన్ కలిపి, రిసీవర్ పిల్లాడి చెవికి పెట్టి, 'మాట్లాడు, నాన్నతో మాట్లాడు' అని సైగ చేస్తూ నిలబడి ఉంటుంది. ఆ ఒక్క సీను పెట్టి ఉంటే దర్శకుడికి దణ్ణం పెట్టేదాన్ని.

మా ఆయన ఒప్పుకోలేదు. "పిల్లాడికి ఏం గుర్తుంటుందో అదే తీశాడు" అంటాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లలకు గుర్తుండేది కొంగేగాని గుణింతం కాదు, నాకూ మా అమ్మ గుణింతాలు గుర్తు లేవు, తాతగారి చెరువే గుర్తుంది. అయినా గుర్తుండిపోయేవాటితోనే పిల్లలు పెరిగినట్టు చూపిస్తే, మిగతా పది నెలలూ మోసినవాళ్లు ఏమైపోవాలి?

వచ్చే శనివారం స్నేహితుల పాట్‌లక్‌లో మళ్లీ వేద్దామంటున్నాడు. వేసుకోమన్నాను. ఆ పొద్దున పిల్లల్ని తెలుగు క్లాసుకు లేపి, దింపి, హోంవర్క్ చేయించే పని కూడా ఆయన్నే చూసుకోమన్నాను. ఆలోచిస్తున్నాడు.