ఖాళీ కుర్చీ ముందు అయిదు ప్రశ్నలు

తొమ్మిదో తరగతిలో తెలుగు సార్ ఒకరోజు బెంచీల ముందు ఖాళీ కుర్చీ వేసి, "రేపు ఇందులో బ్రౌన్ దొర వచ్చి కూర్చుంటాడు, గంటసేపు ఉంటాడు, తలా అయిదు ప్రశ్నలు రాసుకు రండి" అన్నారు. దొర అంటే తెలుగు నిఘంటువు రాసిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్. మేం కడప పిల్లలం, దొర పేరు కొత్త కాదు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది.

నా మొదటి ప్రశ్న, మీరెక్కడ పుట్టారు. "1798, కలకత్తా. పుస్తకంలోనే ఉంది కదరా, దీనికోసం 1884లో పోయిన మనిషిని లేపాలా?" అన్నారు సార్. రెండోది, తెలుగంటే మీకెందుకంత ప్రేమ. "జవాబు నువ్వే చెప్పేశావు, ఇక ఆయనేం చెప్తాడు?" నోట్సు మూసేసి లైబ్రరీకి పంపారు. ఆయన జీవితం చదువుతుంటే ఎక్కడో ఒకచోట మనకు అర్థం కాక ఆగిపోతాం, అక్కడ అడగాలి, అదీ సార్ చెప్పింది.

మా క్లాసులో ఒకమ్మాయి బాగా పట్టుకుంది. వేమన పద్యాలు 1829లో అచ్చేయించిన మనిషి, తాళపత్రాలు సేకరించి పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, అప్పుల పాలయ్యాడు. "అప్పులైనా ఎందుకు ఆపలేదు?" అని రాసింది. సార్ అది కొట్టేసి "ఇక చాలు, మానేద్దాం అని ఎప్పుడనిపించింది?" అని మార్చారు. ఎందుకు అంటే ఉపన్యాసం వస్తుంది, ఎప్పుడు అంటే ఆ రోజు గుర్తొస్తుంది. నేను ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడిగేముందు ఇది గుర్తు చేసుకుంటాను.

నేను ఆగిపోయింది గుంటూరు దగ్గర. 1832-33 నందన కరువులో బ్రౌన్ అక్కడ పనిచేశాడు. దాదాపు అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారంటారు. పైఅధికారులు కాగితాల మీద దాన్ని కొరత అంటే, ఈయన కరువు అనే రాశాడు. వాళ్లతో గొడవపడ్డాడు, 1834లో ఉద్యోగం పోయింది. ఆ పేజీ చదివిన సాయంత్రం నాకు అన్నం సరిగా సయించలేదు, ఎందుకంటే ఆ ఏడు మా శెనక్కాయ పంట మొత్తం ఎండిపోయింది, మా నాయన పొలం గట్టు మీద కూర్చుని ఉంటే పేపర్లో మాత్రం 'వర్షాభావ పరిస్థితులు' అని వచ్చింది. కరువు అన్న మాట ఎవరూ రాయలేదు. ఒక్క మాట తేడాతో మనిషి కష్టం కాగితం మీద ఎంత చిన్నదైపోతుందో నాకప్పుడే తెలిసింది.

"కరువు అని రాయడానికి మీకు ధైర్యం ఎలా వచ్చింది?" అని రాసుకెళ్లాను. సార్ చాలాసేపు చూసి, "ధైర్యం సంగతి ఆయన చెప్పుకోడు. ఆ పొద్దున ఏం చూశాడో అడుగు" అన్నారు. అలాగే ఖాళీ కుర్చీ ముందు నిలబడి గట్టిగా అడిగాను, క్లాసంతా నిశ్శబ్దం.

ఈ వ్యాసం కోసం కూర్చున్నప్పుడు ఆ అయిదింటికి ఇంకొకటి చేర్చాను. దొరా, మీ నిఘంటువు 1852లో వచ్చింది, అప్పటికి గుంటూరు కరువు గడిచి ఇరవై ఏళ్లు. 'కరువు' అన్న మాటకు అర్థం రాయడానికి కూర్చున్న రోజు, కలం పెట్టేముందు ఎంతసేపు ఆగారు?