బఫింగ్ మిషన్ వణికితే ముందు చక్రాలు విప్పండి

గుడ్డ చక్రమే కదా, ఏం చేస్తుందిలే అని, లోహాన్ని రుద్ది మెరుపు తెచ్చే బఫింగ్ మిషన్ దగ్గర నిర్లక్ష్యంగా నిలబడేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. 8 అంగుళాల చక్రం నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 30 మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు నూరు కిలోమీటర్ల పైమాటే. పైగా గ్రైండర్ రాయి అరగదీస్తుంది, గుడ్డ చక్రం లాగేసుకుంటుంది. అందుకే గ్లౌజులు వద్దంటాను. వాటి అంచు ఒక్కసారి చిక్కిందంటే చెయ్యి వెనక్కి తీసుకునే టైము ఉండదు. పనిముక్క వేడెక్కితే పక్కన పెట్టి చల్లారనివ్వండి. వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు, వీటికీ ఇదే మాట. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాల్సిందే.

చక్రం మన వైపు పైనుంచి కిందికి తిరుగుతుంది. పనిముక్కను మధ్య ఎత్తుకు కాస్త దిగువన ఆనించాలి. ఇత్తడి తలుపు పిడినే తీసుకోండి. నడుమ నుంచి మొదలుపెట్టి కింది అంచు దాకా రుద్ది ఆపేస్తాను. తర్వాత పిడిని తిరగేసి, మిగతా సగాన్ని కూడా నడుమ నుంచి కిందికే రుద్దుతాను. పై అంచును చక్రానికి ఎదురు పెట్టామా, చేతిలోంచి ఊడబెరుక్కుని విసిరేస్తుంది.

ఇక వణుకు సంగతి. మిషన్ వణకగానే బేరింగులు పోయాయని మోటారు విప్పేస్తారు చాలామంది. నేను మాత్రం ప్లగ్ పీకి, ముందు మోటారు ఇరుసుకు, అంటే షాఫ్ట్‌కు, రెండు కొసలా ఉన్న చక్రాలు తీసేస్తాను. ఎడమవైపు నట్‌కు ఎదురు మర ఉంటుంది, దాన్ని మామూలు నట్‌లా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. చక్రాలు లేకుండా ఒట్టి షాఫ్ట్ నున్నగా తిరిగితే మోటారు బాగున్నట్టే, లోపం చక్రాల్లో ఉంది. అప్పుడు ఒక్కోదాన్నే బిగించి చూస్తే ఏదో తెలిసిపోతుంది. చాలాసార్లు చక్రం నడిమి రంధ్రం వదులై ఒక పక్కకు కూర్చుని ఉంటుంది, లేదా అంచు ఒకవైపే అరిగి ఉంటుంది. ఒట్టి షాఫ్ట్ కూడా వణికితే, మళ్లీ ప్లగ్ పీకి, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. ఆట తెలిసినా, చేత్తో తిప్పితే గరగరమన్నా బేరింగు మార్చాల్సిందే. ఆట లేకపోయినా వణుకుతోందంటే షాఫ్ట్ వంగిందేమో చూడాలి.

స్విచ్ వేస్తే గుయ్యిమంటూ తిరగకుండా నిలబడితే వెంటనే ఆపేయండి. అలాగే వదిలితే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, కాలిపోతుంది. ప్లగ్ పీకాక షాఫ్ట్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంటే, సింగిల్ ఫేజ్ మోటార్లలో నా మొదటి అనుమానం, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కెపాసిటర్ మీదే. కానీ ప్లగ్ తీసినంత మాత్రాన దానిలో చార్జి పోదు. చార్జి దించడం తెలియకపోతే మూత విప్పకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చేత్తో తోసి స్టార్ట్ చేసే అలవాటు మాత్రం అస్సలు వద్దు.

మెరుపు రాకుండా నల్లటి చారలు పడుతుంటే మిషన్‌ను అనకండి. చక్రానికి పట్టించే పాలిష్ సబ్బు (మైనంలో రాపిడి పొడి కలిపిన కడ్డీ) ఎక్కువై, చక్రం అంచు గట్టిపడి నల్లగా పెచ్చు కట్టి ఉంటుంది. తిరుగుతున్న చక్రానికి మధ్య ఎత్తు కన్నా దిగువన దువ్వెనలా పళ్లున్న పనిముట్టును మెల్లగా ఆనిస్తే ఆ పెచ్చు రాలి, మెత్తటి నూలు బయటపడుతుంది. సబ్బును ఒక్క క్షణం తాకిస్తే చాలు, తగ్గినప్పుడు మళ్లీ తాకించుకోవచ్చు. ఒక చక్రానికి ఒకే రకం సబ్బు. గరుకు సబ్బు వాడిన చక్రం మీద చివరి మెరుపు పని చేస్తే గీతలే మిగులుతాయి. నేను ప్రతి చక్రం మీదా సబ్బు పేరు మార్కర్‌తో రాసి, వేర్వేరు సంచుల్లో పెడతాను.

రాలిన నూలు, మైనం, లోహపు పొడి కలిసిన చెత్త నిప్పు తగిలితే అంటుకుంటుంది. దాన్ని మిషన్ వెనక పేరుకోనివ్వను, మోటారు గాలి రంధ్రాల్లోనూ ఉండనివ్వను. పక్క బల్ల మీద ఇనుము గ్రైండింగ్ జరుగుతుంటే, నిప్పురవ్వలు ఇటు రాకుండా అడ్డు పెట్టేదాకా బఫింగ్ మొదలుపెట్టను.