ఇటరేట్ వేరు, రీఇటరేట్ వేరు

అమెరికా ఆఫీసుల్లో కొత్తగా చేరిన మనవాళ్లను తికమకపెట్టే జంట ఇది. రెండూ ‘మళ్లీ’ అని అర్థమున్న ఇటెరుమ్ అనే లాటిన్ మాటలోంచి వచ్చినవే. ఇటరేట్‌లో ‘మళ్లీ’ ముందే ఉంది, దానికి ఇంకో ‘మళ్లీ’ తగిలిస్తే రీఇటరేట్. పుట్టుక ఒకటే అయినా పనిలో దారులు వేరు.

రీఇటరేట్ అంటే చెప్పిందే మార్చకుండా మళ్లీ చెప్పడం. మీటింగ్ చివర మేనేజరు ‘లెట్ మీ రీఇటరేట్’ అని రిలీజ్ తేదీ ఎత్తాడంటే, ఇక ఆ తేదీ మీద బేరాల్లేవని. దాని వెనక నేరుగా విషయం రావాలి, లేదా ‘దట్’ రావాలి. ‘రీఇటరేట్ అబౌట్’ తప్పు. ‘రీఇటరేట్ మీ’ కూడా తప్పే, ఎవరికి చెప్పారో వాళ్ల ముందు ‘టు’ పెట్టాలి. పైవాళ్లకు రాసే మెయిల్లో ‘ఐ రీఇటరేట్’ అంటే ఎన్నిసార్లు చెప్పాలన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ‘జస్ట్ టు కన్ఫర్మ్’ మేలు.

ఇటరేట్ సంగతే అసలు చిక్కు. ‘లెట్స్ ఇటరేట్ ఆన్ దిస్’ అన్నప్పుడు పని బాగాలేదనుకుని కొందరు మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలెడతారు. ఇంకొందరు అక్షరం మార్చకుండా మళ్లీ పంపిస్తారు. అడిగింది ఈ రెండూ కాదు. ఉన్నది చూపించు, వచ్చిన అభిప్రాయాల్లో ఒకటో రెండో సరిచెయ్యి, మళ్లీ చూపించు అని. ఒక్క విడతలో పది మార్పులు పెడితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

లెక్కల్లో ఇది ఇంకా స్పష్టం. 10కి వర్గమూలం కావాలంటే 3తో మొదలుపెట్టి, 10ని 3తో భాగించి, వచ్చినదానికీ 3కీ సగటు తీస్తే 3.1667. దానితో అదే పని మళ్లీ చేస్తే 3.1623. చేసే పని మారదు, అందులో వేసే సంఖ్యే మారుతుంది.

ప్రోగ్రామర్లు ‘ఇటరేట్ ఓవర్’ అంటే మాత్రం మెరుగుదలతో సంబంధం లేదు, జాబితాలో ఒక్కొక్కటీ వరసగా తీసుకోవడమే. ఆన్, ఓవర్ తేడా పట్టుకుంటే చాలు. పలికేటప్పుడు ఒత్తు రెండింట్లోనూ ‘ఇ’ మీదే. అమెరికన్ల నోట ట మెత్తబడి ఇడరేట్ అని వినబడుతుంది.